మునగాకు పొడి కలిపిన బిస్కెట్లు, నూడుల్స్, జావ మిక్స్: ఒంటికి నిజంగా అందేది ఎంత?

క్లుప్తంగా: మునగాకు పొడి అంటే నీళ్లు తీసేసిన ఆకుకూర, మందు కాదు. పొడిలో కాల్షియం, ప్రోటీన్, కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) బాగానే ఉంటాయి, కానీ బిస్కెట్, బ్రెడ్, నూడుల్స్ లాంటివాటిలో రుచి చెడకుండా కలపగలిగేది సుమారు 5 శాతమే, అందుకే ఆ రూపంలో ఒంట్లోకి వెళ్లేది తక్కువ. జావ మిక్స్, కారప్పొడి లాంటి మన తిండిలో మోతాదు ఎక్కువ పడుతుంది. ఆకు ఎలా ఆరింది, ఎంత శుభ్రంగా ఆరింది, ఎందులో ప్యాక్ చేశారు అన్నదాన్ని బట్టే పొడి విలువ ఉంటుంది.

ఇప్పుడు ఎందుకింత చర్చ

ఆంధ్రా ఇళ్లల్లో మునగాకు కొత్తేం కాదు. ఆషాఢం వస్తే మునగాకు వండుకోవాలనే ఆనవాయితీ గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉంది, బాలింతలకి తెలగపిండి మునగాకు కూర పెట్టడం, పప్పులో వెయ్యడం, వేయించి కారప్పొడి కొట్టుకోవడం, ఇవన్నీ తరాల నుంచి నడుస్తున్నవే. మారిందేంటంటే అదే ఆకు ఇప్పుడు పచ్చటి పొడిగా, క్యాప్సూల్‌గా, టీ బ్యాగ్‌గా, బిస్కెట్‌గా, మిల్లెట్ నూడుల్స్‌గా షాపుల్లోకి వచ్చేసింది. 2020 సెప్టెంబర్‌లో ఫిట్ ఇండియా కార్యక్రమంలో ప్రధాని మోదీ తను మునగ పరాటాలు తింటానని చెప్పారు, దానికి ముందే 2012లో క్యూబా మాజీ అధ్యక్షుడు ఫిడెల్ కాస్ట్రో ఈ చెట్టుని విస్తృతంగా పెంచాలని రాశారు, అంటే దేశాధినేతల నోటిదాకా వెళ్లిన ఆకు ఇది.

ఇంకోపక్క రక్తహీనత లెక్కలు చూస్తే భయం వేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్ల లోపు పిల్లల్లో అయితే తెలంగాణలో 70 శాతం, ఏపీలో 63.2 శాతం. ఇలాంటి పరిస్థితిలో పెరట్లో పెరిగే చెట్టు ఆకుతో సమస్య తీరిపోతుంది అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశలో ఎంత నిజముందో తేలాలంటే గ్రాముల లెక్కలోకి దిగాల్సిందే, ఎందుకంటే ప్యాకెట్ల మీద రాసేదంతా రెట్ల లెక్క, తినేది మాత్రం గ్రాముల్లో.

"పాల కన్నా 17 రెట్లు" ఎక్కడి నుంచి వచ్చింది

పాల కన్నా 17 రెట్లు కాల్షియం, పాలకూర కన్నా 25 రెట్లు ఐరన్, పెరుగు కన్నా 9 రెట్లు ప్రోటీన్. ఈ మూడు ముక్కలు చూడనివాళ్లు ఉండరు. 1990ల చివర్లో ఆఫ్రికాలోని సెనెగల్‌లో చర్చ్ వరల్డ్ సర్వీస్ అనే సంస్థ పోషకాహార లోపం ఉన్న పిల్లలకీ తల్లులకీ మునగాకు పొడి పెట్టే పని మొదలుపెట్టింది, ఇలాంటి పోలికలు అప్పటి ప్రచారంతోనే ప్రపంచమంతా తిరిగాయి. అంకెలు చాలావరకు కల్పించినవి కావు. చిక్కు ఎక్కువగా పోల్చిన పద్ధతిలోనే ఉంది. ఎండబెట్టిన పొడిని తీసుకెళ్లి నీళ్లున్న పదార్థంతో బరువుకి బరువు తూచారు.

పాలల్లో 87 శాతం నీళ్లే. పాలకూరలో 91 శాతం. పొడిలో 7, 8 శాతానికి మించి తేమ ఉండదు. ఇప్పుడు రెండువైపులా నీళ్లు తీసేసి చూద్దాం. 100 గ్రాముల మునగాకు పొడిలో కాల్షియం సుమారు 2000 మిల్లీగ్రాములు అనుకుంటే, 100 గ్రాముల పాలపొడిలో రకాన్ని బట్టి 900 నుంచి 1250 దాకా ఉంటుంది. 17 రెట్లు కాస్తా రెండు రెట్లకి దిగింది. ఐరన్ విషయంలో ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. మునగాకు పొడికి తరచుగా చెప్పే అంకె 28 మిల్లీగ్రాములు, పాలకూరని కూడా అలాగే ఎండబెడితే దాదాపు 30 వస్తుంది, అంటే 25 రెట్లు కాదు, రెండూ సమానమే. ప్రోటీన్ కూడా అంతే, పొడిలో సుమారు 27 శాతం, పెరుగులో నీళ్లు తీసేస్తే ఇంచుమించు అదే.

అయినా మునగాకు చిన్నదేం కాదు. ఇంత కాల్షియం, ఇంత ప్రోటీన్ ఉన్న ఆకులు తక్కువ, పైగా నీళ్లు తక్కువున్న నేలల్లో కూడా బతికే చెట్టు ఇది. కానీ అతిగా పొగిడితే మునగచెట్టు ఎక్కించారు అంటాం కదా, ఆ కొమ్మ పెళుసు కాబట్టి ఎక్కినవాడు కింద పడతాడు. ఈ ఆకుకి జరుగుతున్న నష్టం అదే. 25 రెట్లు అని నమ్మి ఓ నెల రోజులు బిస్కెట్లు తిని హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకున్న మనిషి మార్పు కనపడకపోతే ఆకునే అనుమానిస్తాడు, వంటింట్లో ఉన్న మంచి అలవాటు కూడా దాంతో పోతుంది.

ఆకు పొడి అయ్యేలోపు పోయేవి, మిగిలేవి

ఆకు కోసిన దగ్గర్నుంచే విలువ తగ్గడం మొదలవుతుంది, అందుకే కోసిన కొన్ని గంటల్లోనే కడిగి, రెబ్బలు దూసి, ట్రేల మీద పల్చగా పరిచెయ్యాలి. గుట్టగా పోస్తే లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది. కాడలతో సహా వచ్చిన 10 కిలోల పచ్చి ఆకు నుంచి చివరికి మిగిలే పొడి కిలో, కిలోన్నర మాత్రమే, కాబట్టి ఖర్చంతా కూలీలోనూ ఆరబెట్టడంలోనూ ఉంటుంది.

ఆరబెట్టే పద్ధతులు ముఖ్యంగా మూడు. నేరుగా ఎండలో పోస్తే ఖర్చు లేదు కానీ కెరోటిన్ వెలుతురు తగిలితే చెడిపోతుంది, రంగు కూడా గడ్డి రంగులోకి మారిపోతుంది, దుమ్మూ ఈగలూ సరేసరి. నీడలో ఆరబెడితే రంగు బాగుంటుంది, కాకపోతే వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు రోజులు పట్టి బూజు వచ్చే ప్రమాదం ఉంది. ట్రే డ్రయ్యర్‌లో 50 నుంచి 55 డిగ్రీల దగ్గర కొన్ని గంటల్లో అయిపోతుంది, కరెంటు ఖర్చు ఉన్నా అన్ని బ్యాచ్‌లూ ఒకేలా వస్తాయి. లోపల చీకటిగా ఉండే సోలార్ డ్రయ్యర్ నీడకీ ట్రే డ్రయ్యర్‌కీ మధ్యలో ఉంటుంది, చిన్న యూనిట్లకి అదే అనుకూలం.

ఈ దారిలో ఎక్కువ నష్టపోయేది విటమిన్ సి. పచ్చి ఆకులో అది పుష్కలంగా ఉంటుంది, వేడికీ గాలికీ తట్టుకోలేదు, కాబట్టి పొడిని విటమిన్ సి కోసం కొనడంలో అర్థం లేదు. కెరోటిన్ కొంత పోతుంది, కొంత మిగులుతుంది. కాల్షియం, ఐరన్ లాంటి ఖనిజాలు ఎక్కడికీ పోవు, ప్రోటీన్ కూడా చాలావరకు నిలుస్తుంది. అంటే పొడి అనేది పచ్చి ఆకుకి పూర్తి నకలు కాదు, ఖనిజాలు, ప్రోటీన్, పీచు ఎక్కువుండి విటమిన్లు తగ్గిన వేరే పదార్థం అనుకోవాలి.

కొంతమంది ఆరబెట్టే ముందు ఆకుని ఒకటి రెండు నిమిషాలు మరిగే నీళ్లలోనో ఆవిరిలోనో పెట్టి తీస్తారు, బ్లాంచింగ్ అంటారు దీన్ని. నీళ్లలో కరిగే విటమిన్లు ఇంకొంచెం పోతాయి. కానీ ఆకులోని ఎంజైములు ఆగిపోతాయి కాబట్టి ఆ తర్వాత నిల్వలో పచ్చి గడ్డి వాసన, రంగు మారడం తగ్గుతాయి, పైన ఉన్న సూక్ష్మక్రిములు కూడా చాలావరకు చస్తాయి. ఫుడ్ ప్రోడక్ట్‌లో కలపడానికి తయారుచేసే పొడికి ఈ అదనపు పని లాభమే.

5 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతారు

కంపెనీ పిసినారితనం వల్లే పొడి తక్కువ వేస్తున్నారు అనుకుంటే సగమే నిజం. మిగతా సగం పిండి స్వభావంలో ఉంది. బ్రెడ్ పొంగాలంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వలలా అల్లుకుని గాలిని పట్టి ఉంచాలి. ఆకు పొడిలో గ్లూటెన్ లేదు, పైగా అందులోని పీచు నీళ్లని లాగేసుకుంటుంది, దాంతో వల పల్చబడి బ్రెడ్ పొంగదు, గట్టిగా వస్తుంది. నూడుల్స్‌లో ఎక్కువైతే ఉడికించేటప్పుడు తెగిపోయి గంజిలా అవుతుంది. బిస్కెట్‌కి గ్లూటెన్ అవసరం తక్కువ కాబట్టి అది కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది, చాలా ప్రయోగాల్లో బ్రెడ్‌లో 5 శాతం దాటాక, బిస్కెట్లలో 10 శాతం దగ్గరికొచ్చేసరికి తినేవాళ్ల మార్కులు పడిపోవడం మామూలుగా కనిపిస్తుంది.

రుచి సంగతి వేరే. మునగాకులో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలున్నాయి, ఆవాల ఘాటు, ముల్లంగి ఘాటు వచ్చేది ఈ కుటుంబం నుంచే. వాటికి తోడు పాలీఫినాల్స్ వల్ల వచ్చే వగరు. తియ్యటి పదార్థంలో ఈ చేదూ వగరూ బాగా బయటపడతాయి, అప్పుడు దాన్ని కప్పడానికి ఇంకాస్త చక్కెర వేస్తారు, పోషకాల కోసం మొదలుపెట్టిన పని చక్కెర దగ్గర తేలుతుంది. రంగు కూడా ఇబ్బందే, ఓవెన్ వేడికీ పులుపుకీ క్లోరోఫిల్ దెబ్బతిని ముదురు పచ్చ కాస్తా ఆలివ్ గోధుమ రంగు అవుతుంది, పిల్లలు చూసి పక్కన పెట్టేస్తారు.

ఇక అంకెలు. 5 శాతం పొడి ఉన్న బిస్కెట్లు 100 గ్రాములు తింటే పొడి నుంచి వచ్చేది 100 మిల్లీగ్రాముల కాల్షియం, 1.4 మిల్లీగ్రాముల ఐరన్, గ్రామున్నర లోపు ప్రోటీన్. ఎవరూ 100 గ్రాములు తినరు, నాలుగు బిస్కెట్లంటే ఓ 30 గ్రాములు, అందులో పొడి గ్రామున్నర, కాల్షియం 30 మిల్లీగ్రాములు. రెండు చెంచాల పెరుగులో అంత వచ్చేస్తుంది.

అదే రాగి జావ మిక్స్ తీసుకుంటే పరిస్థితి మారుతుంది. జావ పొంగక్కర్లేదు, విరిగిపోకుండా నిలబడక్కర్లేదు, ఉప్పూ మజ్జిగా జీలకర్రా ఉల్లిపాయా పడతాయి కాబట్టి ఆకు వాసన వాటిలో కలిసిపోతుంది, 10 శాతం దాకా వెళ్లినా తాగొచ్చు. 40 గ్రాముల మిక్స్‌లో 36 గ్రాముల రాగిపిండి నుంచి సుమారు 130 మిల్లీగ్రాముల కాల్షియం, 4 గ్రాముల మునగాకు పొడి నుంచి 80, మొత్తం 210, పైన మజ్జిగ పోసుకుంటే ఇంకా ఎక్కువ. ఇక్కడ ఆకు ఒంటరిగా పని చెయ్యట్లేదు, ముందే బలమున్న ధాన్యానికి తోడవుతోంది.

కారప్పొడిది మరో దారి. వేయించిన పప్పులు, ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండు ఉన్నచోట ఆకు మూడో వంతు ఉన్నా రుచి చెడదు సరికదా అదే దాని రుచి. రెండు చెంచాలు వేసుకుంటే 3 గ్రాముల ఆకు వెళ్తుంది, అన్నంలో నెయ్యో నూనో తప్పకుండా ఉంటుంది కాబట్టి కొవ్వులో మాత్రమే కరిగే కెరోటిన్ ఒంటికి పట్టే అవకాశం పెరుగుతుంది. ఈ పద్ధతి కనిపెట్టింది ఫుడ్ టెక్నాలజిస్టులు కాదు, మన అమ్మమ్మలు. ఇడ్లీ పొడి, పప్పుల పొడి, సాంబార్ పొడి, మురుకుల పిండి లాంటి కారం రుచి వస్తువుల్లో ఇంకా చేయాల్సిన ప్రయోగాలు చాలా ఉన్నాయి, మార్కెట్ మాత్రం ఎక్కువగా బిస్కెట్, చాక్లెట్ బార్ వైపే పరుగెడుతోంది.

ఒక పోలిక మర్చిపోకూడదు. మనిషికి 50 గ్రాముల పచ్చి ఆకు పడేలా పప్పు వండితే అది 10 గ్రాముల పైచిలుకు పొడితో సమానం. పెరట్లో చెట్టు ఉన్న ఇంటికి ఏ ప్రాసెస్డ్ ఫుడ్డూ దానికి సాటి రాదు. పొడి అవసరం ఉండేది ఆకు దొరకని చోట, హాస్టళ్లలో, నగరాల్లో, విదేశాల్లో, ఆకు దూసే టైమ్ లేని ఇళ్లల్లో.

ఐరన్ విషయంలో జాగ్రత్తగా ఉండాల్సింది

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫార్సుల ప్రకారం ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. 10 గ్రాముల మునగాకు పొడిలో ఉండేది 2.8, అంటే పదో వంతు. అందులోనూ మొక్కల నుంచి వచ్చే ఐరన్‌ని పేగు తక్కువగా పీల్చుకుంటుంది, ఆకులోనే ఉన్న ఫైటేట్లు, పాలీఫినాల్స్ అనే పదార్థాలు దాన్ని ఇంకా పట్టి ఉంచుతాయి. తిన్న వెంటనే టీ తాగితే ఉన్నది కూడా తగ్గుతుంది. నిమ్మకాయ పిండుకుంటే విటమిన్ సి వల్ల పీల్చుకోవడం పెరుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి కలిపితే ధాన్యాలూ పప్పుల నుంచి ఐరన్, జింక్ ఎక్కువ విడుదలవుతాయని మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2010లో ల్యాబ్ ప్రయోగాల్లో చూపించారు, జావలో ఉల్లిపాయ, పొడిలో వెల్లుల్లి ఉండటం ఈ లెక్కన మంచిదే.

ప్రభుత్వం ఆడవాళ్లకి ఇచ్చే ఐరన్ మాత్ర ఒక్కదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అంత ఐరన్ మునగాకు పొడి నుంచి రావాలంటే 210 గ్రాములకి పైనే తినాలి. ఎవరి వల్లా కాదు. మనుషుల మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా చిన్నవి, ఫలితాలు కూడా ఒకే దిక్కుకి లేవు. కాబట్టి రక్తహీనత ఉందని తేలినవాళ్లు, ముఖ్యంగా గర్భిణులు, మాత్ర మానేసి పొడి మీద ఆధారపడటం ప్రమాదం. రెండూ వాడుకోవచ్చు, ఒకదాని బదులు ఇంకొకటి కాదు.

పచ్చిగా తాగే పొడి, వండి తినే పొడి

2025 అక్టోబర్‌లో అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది, మునగాకు పొడి కలిపిన ఉత్పత్తుల వల్ల కొన్ని రాష్ట్రాల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకిందని, ఆ పొడి ఇండియా నుంచి వచ్చిందని. అక్కడుండే తెలుగువాళ్లలో చాలామంది స్మూతీల్లో, మజ్జిగలో ఈ పొడి కలుపుకుంటారు కాబట్టి ఆ వార్త ఇళ్ల దాకా వచ్చింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆకు పక్షులూ పశువులూ తిరిగే చోట పెరుగుతుంది, కడిగే నీళ్లు శుభ్రంగా లేకపోయినా క్రిములు చేరతాయి. విటమిన్లు పోకూడదని 50, 55 డిగ్రీల దగ్గర ఆరబెడతారు, ఆ వేడికి సాల్మొనెల్లా పూర్తిగా చావదు. పొడిలో తేమ లేదు కాబట్టి అది పెరగదు, కానీ నెలల తరబడి బతికే ఉంటుంది. అలాంటి పొడిని చల్లటి నీళ్లలో కలుపుకుని తాగితే మధ్యలో క్రిమిని చంపే దశ ఒక్కటీ లేదు. అదే పొడి ఉడికే జావలోనో, ఓవెన్‌లో కాలే బిస్కెట్‌లోనో పడితే వేడికి చస్తుంది. కాబట్టి వండిన ఆహారంలో కలపడం వల్ల కొన్ని విటమిన్లు పోయినా రక్షణ దొరుకుతుంది, పసిపిల్లలకీ ముసలివాళ్లకీ గర్భిణులకీ ఈ రక్షణ చాలా ముఖ్యం. పచ్చిగా వాడే పొడికి మాత్రం తయారీదారే ఆవిరి పద్ధతిలో క్రిములు చంపి, బ్యాచ్ వారీగా టెస్ట్ చేయించాలి.

పురుగుమందుల విషయం కూడా ఇందులోకే వస్తుంది. మునగకి గొంగళి పురుగుల బెడద ఎక్కువ, కాయ కోసం పెంచే తోటల్లో మందు కొడతారు. ఆ తోట ఆకునే పొడి చేస్తే, నీళ్లు పోయి బరువు నాలుగో వంతుకి తగ్గినప్పుడు పోషకాలు చిక్కబడినట్టే మందు అవశేషాలూ చిక్కబడతాయి. తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 లాంటి రకాలు అసలు కాయ దిగుబడి కోసం చేసినవి, ఆకు కోసం అయితే దగ్గర దగ్గరగా నాటి, నెలా నెలన్నరకోసారి కోసుకునే తోట వేరుగా ఉండటమే మంచిది.

అంగన్‌వాడీలు, చిన్న యూనిట్లు

హైదరాబాద్ నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ తయారుచేసే బాలామృతం చిన్నపిల్లలకి నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్‌గా వెళ్తుంది, వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె అందులో ఉంటాయి, విటమిన్లూ ఖనిజాలూ విడిగా కలుపుతారు, ఆ మిశ్రమాన్ని ప్రీమిక్స్ అంటారు. ఇలాంటిదాంట్లో మునగాకు పొడి కలపొచ్చు కదా అనే ఆలోచన తరచూ వస్తుంటుంది. కలపొచ్చు, కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఏడాది పిల్లాడి కడుపు చిన్నది, చేదు తగిలి రెండు ముద్దలు తక్కువ తిన్నాడంటే ఆకు నుంచి వచ్చినదానికన్నా తినకుండా వదిలేసిన క్యాలరీల నష్టమే ఎక్కువ. రెండోది, ఆకు పోషకాలు నేలని బట్టి, ముదురు లేతని బట్టి, కాలాన్ని బట్టి మారిపోతుంటాయి, ప్రీమిక్స్‌లా ప్రతి ప్యాకెట్‌లో ఇన్ని మిల్లీగ్రాములు అని ఖచ్చితంగా చెప్పలేం. బడి పిల్లలకిచ్చే రాగి జావ, పల్లీ చిక్కీ లాంటివాటిలో ఈ ప్రయత్నం ముందు చెయ్యడం తెలివైన పని, వాళ్లు రుచి చెప్పగలరు, పరిమాణం కూడా ఎక్కువ తింటారు.

డ్వాక్రా మహిళలకి ఇది అందే వ్యాపారమే. 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకం కింద చిన్న ఫుడ్ యూనిట్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ, సంఘ సభ్యులకి ఒక్కొక్కరికి 40 వేల దాకా మూలనిధి సాయం పెట్టారు. ట్రే డ్రయ్యర్, పల్వరైజర్ (పొడి కొట్టే మెషిన్), ప్యాకింగ్ మెషిన్ ఉంటే పొడి తయారవుతుంది, కానీ ఉత్త పొడి అమ్మితే పోటీ తీవ్రం, ధర మీద పట్టు ఉండదు. అదే ఆకుని కారప్పొడిగానో జావ మిక్స్‌గానో మార్చి అమ్మితే కిలో ఆకుకి వచ్చే ఆదాయం పెరుగుతుంది, కొన్నవాళ్లకి మోతాదు కూడా సరిగ్గా అందుతుంది.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఒక పదార్థం పేరో బొమ్మో ప్యాకెట్ మీద గొప్పగా చూపిస్తే అది ఎంత శాతం వేశారో కూడా రాయాలి. మునగాకు బొమ్మ ముందువైపు ఉంటే వెనక్కి తిప్పి ఆ శాతం వెతకాలి, దాన్ని ఒకసారికి తినే గ్రాములతో గుణిస్తే అసలు మోతాదు తేలిపోతుంది. అలాగే 2018 క్లెయిమ్స్ నిబంధనల్లో, ఘన ఆహారం ఏదైనా ఖనిజానికి "సోర్స్" అని రాసుకోవాలంటే 100 గ్రాముల్లో రోజువారీ అవసరంలో కనీసం 15 శాతం ఉండాలి. 5 శాతం పొడి వేసిన బిస్కెట్‌లో ఆ పొడి నుంచే వచ్చే ఐరన్ ఆడవాళ్ల అవసరంలో 5 శాతం దగ్గరే ఉంటుంది, కాబట్టి ఐరన్ సోర్స్ అని కనపడితే మిగతా ఐరన్ పిండి నుంచో విడిగా కలిపిన ఖనిజాల నుంచో వస్తున్నట్టు.

పొడి కొనేటప్పుడు పారదర్శక ప్లాస్టిక్ డబ్బా కన్నా వెలుతురు పోని ఫాయిల్ ప్యాక్ మంచిది, షాపు వెలుతురులో నెలలు గడిపిన పొడిలో కెరోటిన్ మిగలదు. ఆకులో ఒమేగా-3 రకం కొవ్వు కొంత ఉంటుంది, గాలి తగిలితే అది కనరు వాసన పడుతుంది, తెరిచాక అలాంటి వాసన వచ్చినా, రంగు గోధుమ వైపు తిరిగినా పాతబడినట్టే. చల్లగా, పొడిగా, గట్టిగా మూత పెట్టి ఉంచితే ఆరు నెలలు వాడుకోవచ్చు.

రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఈ పొడిని రోజూ మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పాలి, ఆకుల్లోని విటమిన్ కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. షుగర్, బీపీ, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు కూడా అడిగి వాడటమే మంచిది. కూరలో ఎప్పుడో ఒకసారి తినడానికి, ప్రతిరోజూ చెంచాల కొద్దీ పొడి మింగడానికి తేడా ఉంది. గర్భిణులు మునగ వేరు, బెరడుతో చేసినవాటి జోలికి అసలు వెళ్లకూడదు, ఆకు కూడా ఇంట్లో వండుకునే మోతాదులోనే చాలు.